గోడ దూకడం నేరమా?

గత విద్యా సంవత్సరం నవంబరు మాసంలో మన కళాశాల వెనుక ప్రహరీగోడ వద్ద జరిగిన ప్రమాదం పాఠకులకు విదితమే. ఇంటర్మీడియెట్ ద్వితీయ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి, తరగతులు ముగిసి అందరూ వెళ్లిపోయిన తరువాత, ఒంటరిగా ఆ గోడ ఎక్కి అవతలకు దూకి కుడిచేతి మణికట్టు విరగగొట్టుకున్నాడు. కట్టు విప్పడానికి ఆరు వారాలు పట్టింది. అర్ధ సంవత్సర పరీక్షలు పోయాయి. తదుపరి జరిగిన సమావేశంలో కమిటీ పెద్దలు రెండు నిర్ణయాలు చేశారు: గోడపైన గాజు పెంకులు నాటించడం, ఇక మీదట గోడలెక్కి దూకుతూ పట్టుబడిన విద్యార్థికి టి.సి. ఇచ్చి పంపివేయడం. సైకిల్ షెడ్డు తీసివేయగా మిగిలిన పాత అరుగును కూడా, పిల్లలు దానిపై గంతులు వేస్తున్నారన్న కారణంతో, వేసవి సెలవుల్లో కూల్పించాలని అనుకుంటున్నట్లు తెలిసింది.

ఈ నిర్ణయాల వెనుక ఉన్న ఆందోళనను నేను శంకించడం లేదు. ఆసుపత్రికి ఆ బాలుణ్ణి తీసుకువెళ్లిన వారిలో నేనూ ఒకణ్ణి. అతని తల్లి వరండాలో కూర్చుని తస్బీహ్ తిప్పుతున్న దృశ్యం ఇంకా నా కళ్ల ముందే ఉన్నది. అయినను కమిటీ వారి నిర్ణయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. అతనికి దెబ్బ తగలడానికి గోడ కన్న ఒంటరితనమే ఎక్కువ కారణమని నా నిశ్చితాభిప్రాయం. గాజు పెంకులు ఆ ఒంటరితనాన్ని మరింత పెంచుతాయే గాని తగ్గించవు.

తెలుగులో గోడ దూకడం అన్న మాటకు మంచి పేరు లేదు. దొంగలు గోడ దూకుతారు. ఎన్నికల కాలంలో నాయకులు గోడ దూకుతారు. రెండవ ఆట సినిమాకు వసతిగృహ విద్యార్థులు గోడ దూకుతారు. (ఈ మూడవ వర్గంలో ఈ వ్యాసకర్త కూడా విశ్వవిద్యాలయంలో ఉన్న రోజుల్లో చేరినవాడేనని ఒప్పుకోక తప్పదు.) కాబట్టి ఒక పిల్లవాడు గోడ మీద కనిపించగానే మన మనస్సులో ముందుగా మెదిలేది అనుమానమే. కాని మన విద్యార్థులు ఇప్పుడు మోజుపడుతున్న ఈ విద్యకు వేరే పేరూ, వేరే చరిత్రా ఉన్నాయి. దానిని పార్కూర్ అంటారు. ఎదురైన గోడనో, కటకటాలనో, మెట్లనో చుట్టి పోకుండా, వాటి మీదుగానే తన దేహబలంతో, ఏ పరికరమూ లేకుండా సాగిపోవడం దీని లక్షణం. దారి, గమనమార్గం అనే అర్థం గల ఫ్రెంచి మాట నుండి ఈ పేరు వచ్చింది. ఆ దేశపు సైనికులకు శిక్షణ ఇచ్చే అడ్డంకుల బాటకు కూడా అదే మాట వాడుతారు.

1902లో కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ ద్వీపంలో పెలే అగ్నిపర్వతం బద్దలై సెయింట్ పియేర్ పట్టణం బూడిదయింది. సుమారు 30 వేల మంది మరణించారు. అప్పుడు సహాయకార్యాల్లో పాల్గొన్న ఫ్రెంచి నౌకాదళాధికారి జార్జ్ ఎబేర్, ఇతరులకు ఉపయోగపడని దేహబలం వ్యర్థమన్న నమ్మకంతో ఒక వ్యాయామ పద్ధతిని రూపొందించాడు. పరుగు, దూకుడు, ఎక్కుడు, ఈత, బరువు మోత, ఆత్మరక్షణ వంటివి అందులోని అంశాలు. ఆ పద్ధతి ఫ్రెంచి సైన్యంలో పాదుకొని, వలస పాలనతో పాటు వియత్నాం చేరింది. అక్కడ యుద్ధకాలంలో కుటుంబానికి దూరమై సైనిక అనాథాశ్రమంలో పెరిగిన రేమండ్ బెల్ అనే బాలుడు, తోటి పిల్లలు నిద్రిస్తుండగా రాత్రిపూట లేచి వెళ్లి, అక్కడి అడ్డంకుల బాటపై ఒంటరిగా సాధన చేసేవాడట. ఎవరి చేతిలోనూ బలి కాకూడదన్నది అతని పట్టుదల. తరువాత ఫ్రాన్సు చేరి పారిస్ అగ్నిమాపక దళంలో పేరు తెచ్చుకున్నాడు. అతని కుమారుడు డేవిడ్ బెల్ 1973లో పుట్టాడు. పారిస్ నగరానికి దక్షిణాన ఉన్న లీస్ అనే శివారులో, కాంక్రీటు భవనాల నడుమ, పనిలేని సాయంకాలాల్లో, తండ్రి నుండి విన్నదానిని డేవిడ్ తన మిత్రులతో కలసి సాధన చేశాడు. ఆ మిత్రులలో పలువురు ఆఫ్రికా, ఆసియా ఖండాల నుండి వచ్చిన కుటుంబాల పిల్లలు. వారు తమ బృందానికి పెట్టుకున్న ‘యమకాసి’ అన్న పేరు కాంగో ప్రాంతపు లింగాలా భాషలోనిది. దృఢమైన దేహమూ దృఢమైన మనస్సూ గల మనిషి అని దానికి భావం చెబుతారు.

తండ్రికీ కుమారునికీ మధ్య ఉన్న భేదాన్ని గమనించాలి. తండ్రి భయంతో, రాత్రి చీకట్లో, ఒంటరిగా నేర్చుకున్నాడు. కుమారుడు పట్టపగలు, మిత్రబృందంతో నేర్చుకున్నాడు. ఈ విద్య ప్రపంచమంతటా వ్యాపించడానికి 2001 నుండి వచ్చిన సినిమాలూ, 2003లో బ్రిటిష్ టెలివిజన్‌లో ప్రసారమైన ఒక చిత్రమూ కారణాలని చెప్పడం పరిపాటి. చూసేవారు ఆ బొమ్మల వల్ల పెరిగి ఉండవచ్చు. చేసేవారు మాత్రం ఊరూరా తెలిసినవారు తెలియనివారితో కలసి ఒక ఉద్యానవనంలోనో, ఒక మెట్లబావి దగ్గరో చేరడం వల్లనే పెరిగారని నేను అనుకుంటున్నాను. ఆ చేరికలను వాళ్లు ‘జామ్’ అంటారు. గాజాలోని ఖాన్ యూనిస్ పట్టణంలో కొందరు యువకులు 2005 ప్రాంతంలో ఆ టెలివిజన్ చిత్రాన్నే చూసి, శ్మశానవాటిక పక్కనా, సెటిలర్లు ఖాళీ చేసి పోయిన శిథిలాల మధ్యా సాధన మొదలుపెట్టి, తరువాత తమ కంటె చిన్నవాళ్లకు నేర్పారు. 2023 తరువాత ఆ పట్టణం ఏమైనదో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మన విద్యార్థి విషయానికి వస్తాను. ఆసుపత్రిలో అతణ్ణి అడిగాను: “ఎక్కడ నేర్చుకున్నావు?”

“ఫోనులో చూశాను సార్.”

“ఎవరైనా కలిసి చేసేవాళ్లు లేరా?”

“హుస్సేన్‌సాగర్ దగ్గర పార్కులో ఆదివారం పొద్దున కొందరు చేరతారు సార్. కాని నాకేమీ రాదు కదా. కొంచెం నేర్చుకున్నాక వెళ్దామనుకున్నాను.”

ఈ సమాధానం నన్ను చాలా రోజులు వదలలేదు. ఏమీ రానివారి కోసమే ఏర్పడిన చోటికి, ఏమీ రాదన్న సిగ్గు చేత పోలేక, నేర్చుకోవడానికి అతడు చీకటిపడిన వేళ నిర్మానుష్యమైన గోడను ఎంచుకున్నాడు. గోడ ఎత్తు అతణ్ణి భయపెట్టలేదు, నలుగురి చూపు భయపెట్టింది. ఈ జబ్బు అతనొక్కడిదే కాదు. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చి నా తరగతిలో చివరి బెంచీపై కూర్చునే పిల్లలు ప్రతి సంవత్సరమూ నాతో అనే మాట ఇదే: “తెలుగు బాగా వచ్చాక మాట్లాడతాను సార్.” మాట్లాడనిదే ఎలా వస్తుందని నేను గద్దిస్తాను. కాని ఎం.ఏ. తరగతిలో నేను మొదటిసారి నోరు తెరిచి ఒక పద్యం చదివినప్పుడు నా ‘ళ’కారం విని వెనుక వరుసలో ఎవరో నవ్విన నవ్వు, పదిహేనేళ్లు దాటినా నాకు వినిపిస్తూనే ఉన్నది. ఆ తరువాత నాలుగు మాసాలు నేను ఆ తరగతిలో పెదవి కదపలేదు. కాబట్టి ఆ బాలుణ్ణి కోప్పడే అర్హత నాకు లేదు.

జనవరి నెలలో ఒక ఆదివారం, చేతికి కట్టు విప్పిన కొద్ది రోజులకు, అతణ్ణి వెంటబెట్టుకొని ఆ పార్కుకు వెళ్లాను. తండ్రి అనుమతి తీసుకున్నాను. చూసి రావాలన్నదే నా ఉద్దేశం. పదేళ్ల పిల్లల నుండి నా వయస్సు వారి వరకు సుమారు ఇరవై మంది ఉన్నారు. వచ్చిన ప్రతివాడూ అప్పటికే ఉన్న ప్రతివానితో చేయి కలిపి పేరు చెప్పుకోవడం వారి ఆచారం. మసీదులో నమాజు ముగిసిన తరువాత ఇటూ అటూ తిరిగి ముసాఫహా చేసుకోవడం నాకు జ్ఞప్తికి వచ్చింది. నేను సంచి పట్టుకొని బెంచీ పక్కన నిలబడి ఉండగా పాతికేళ్ల యువకుడొకడు వచ్చి, “అన్నా, చేయడానికి వచ్చారా, చూడటానికి వచ్చారా?” అని అడిగాడు. చూడటానికే బాబూ అన్నాను. “ఇక్కడ నిలబడితే ఇంకా బాగా కనబడుతుంది, రండి” అంటూ నన్ను వలయంలోకి లాగాడు. నా శిష్యుడు నా వెనుక వచ్చాడు. అతని సిగ్గు తీరడానికి నా అవస్థ ఎంతో తోడ్పడిందనుకుంటాను.

మొదటి అరగంటలో దూకుడన్న మాటే లేదు. చీలమండలు, మోకాళ్లు, మణికట్లు, భుజాలు తిప్పించారు. తరువాత మోకాళ్లు నేలకు ఆనకుండా చేతులతోను కాళ్లతోను పిల్లివలె నడవమన్నారు. పది గజాలు నడిచేసరికి నాకు మండు వేసవి వచ్చినట్లయింది. ఒక వీధికుక్క కొంతదూరం నాతో పాటు నడిచి, నా మీద ఆశ వదులుకొని పోయింది. పిదప మమ్మల్ని కాలిబాట అంచు మీద నిలబెట్టారు. దాని ఎత్తు జానెడు కూడా ఉండదు. దాని పైనుండి కిందికి దూకడమే ఆ రోజు కొత్తవారికి పాఠం. మునివేళ్ల వెనుక భాగం ముందు నేలకు తాకాలి, మోకాళ్లు మెత్తగా వంగాలి, చూపు ముందుకు ఉండాలి. సరిగా దిగామో లేదో చెప్పడానికి వేరే పరీక్షకుడు లేడు, చప్పుడే పరీక్షకుడు. మంచి దిగుడుకు చప్పుడుండదు. నాది గోనెసంచి లారీ మీద నుండి పడిన చప్పుడు. జానెడు ఎత్తునుండి నలభైసార్లు దూకాను. పదేళ్ల బాలిక ఒకతె నా పక్కన నిలబడి చూసి, “అంకుల్, మీ మోకాళ్లు లోపలికి పోతున్నాయి” అన్నది. పన్నెండేళ్లుగా ఇతరుల తప్పులు దిద్దుతున్న నేను ఆ మాటకు తల ఊపి మోకాళ్లు సరిచేసుకున్నాను. నవ్వినవారు లేరు. వారికి ఎవరి మోకాళ్లు వారికే చాలినంత పనిగా ఉన్నవి.

తరువాత గడ్డిమీద దొర్లడం చూపించారు. ఎత్తునుండి దిగినప్పుడు ముందుకు పోయే వేగాన్ని ఒక భుజం నుండి వెన్ను మీదుగా ఏటవాలుగా ఎదుటి తుంటి వైపుకు పంపివేస్తారు. వెన్నెముక నిటారుగా నేలకు తగలదు, తల అసలే తగలదు. పడేటప్పుడు చేయి చాచి నేలకు ఆనించడం మనిషికి సహజమనీ, అప్పుడు ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుందనీ, ఆ అలవాటు మాన్పించడానికే ఇంత శ్రమ అనీ ఆ యువకుడు చెబుతుండగా నా శిష్యుడు తన కుడి చేతిని చూసుకున్నాడు. ఈ ఒక్క మాట చెప్పేవారు నవంబరులో అతని పక్కన ఉండి ఉంటే! ఫోనులో దూకేవాడు కనిపిస్తాడు. అతడు అంతకు ముందు జానెడు ఎత్తునుండి ఎన్ని వేలసార్లు దిగాడో కనిపించదు.

ఆ ఉదయం నన్ను అన్నింటికంటె ఆకర్షించినది వేరొకటి. వారిలో మిక్కిలి నేర్పరి అయిన ఒక యువకుడు ఒక అరుగునుండి ఎదుటి అరుగుకు దూకదలచాడు. మధ్య ఎడం ఏడెనిమిది అడుగులుంటుంది. ముందుగా ఎదుటి అరుగు దగ్గరకు నడిచి వెళ్లి, అరచేత్తో దాని అంచు తుడిచి ఇసుక ఉన్నదా అని చూశాడు, ఇటుక కదులుతున్నదా అని కాలితో తట్టాడు, నాచు చూశాడు. తిరిగి వచ్చి అదే దూరాన్ని నేలమీద గీత గీసి రెండుసార్లు దూకాడు. తరువాత అరుగెక్కి నిలబడి, చాలాసేపు చూసి, “ఈ రోజు కాదు” అని దిగివచ్చాడు. ఎవరూ ఎగతాళి చేయలేదు, ఎవరూ ప్రోత్సహించనూ లేదు. మన వీధుల్లో మోటారు సైకిళ్లపై పోయే పిల్లలకు నలుగురి ఎదుట ‘ఈ రోజు కాదు’ అనగల ధైర్యం ఎవరు నేర్పుతున్నారు? మన తరగతి గదులు నేర్పుతున్నవా?

లోపాలు లేవని నేను చెప్పను. ఇద్దరు కుర్రవాళ్లు తమను చిత్రీకరించుకోవడానికే వచ్చినట్లు ప్రవర్తించారు. ఒకరి మోకాటి కింద చర్మం గీసుకుపోయింది. మందుల పెట్టె ఉన్నది గాని, అందులోని దూది అప్పటికే ఎవరో వాడగా మిగిలిన కొసరు. పార్కు కాపలావాడు గట్టిగా అరిచి పొమ్మన్నాడు. వారు అతనికి నమస్కరించి, వాదించకుండా, తమ చెత్త తాము ఏరుకొని మరొక మూలకు జరిగారు. అన్నింటికంటె ముఖ్యమైన లోపం, అక్కడ బాధ్యత వహించే వ్యక్తి ఎవరూ లేకపోవడం. అందరిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోయే ప్రమాదం ఉన్నది. నేను మన కళాశాల గురించి వ్రాయడానికి కారణం కూడా ఇదే.

ఇది మనకు పరాయి వస్తువని కొందరు అధ్యాపక మిత్రులు అంటున్నారు. హైదరాబాదు నగరంలో తాలీంఖానాలు ఒకనాడు ఎన్ని మొహల్లాల్లో ఉండేవో పెద్దలను అడిగితే తెలుస్తుంది. బార్కస్ పహిల్వానుల ఖ్యాతి నేటికీ మాసిపోలేదు. తెలుగు పల్లెల్లో సాముగరిడీలు ఉండేవి. విజయనగరంలో కోడి రామమూర్తి నాయుడు వ్యాయామశాల నడిపాడు. తాలీంఖానాకు కొత్తగా చేరిన పిల్లవాణ్ణి మొదటి రోజే కుస్తీకి దింపేవారు కారు; గోదాలో మట్టి తవ్వి, తడిపి, మెత్తగా చేయడమే కొన్నాళ్లు అతని పని. జానెడు ఎత్తు నుండి నలభైసార్లు దూకడానికీ దీనికీ నాకు భేదం కనిపించదు. భేదమున్నది ఉస్తాదు విషయంలో. అక్కడ ఉస్తాదు మాటకు ఎదురులేదు. ఇక్కడ పదేళ్ల బాలిక అధ్యాపకుణ్ణి దిద్దవచ్చు. ఏది మేలో నేను తేల్చలేను. పరాయిదన్న మాట మాత్రం నిలవదు.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. గడ మీదా తాడు మీదా మన కళ్ల ముందే ఇంతకు మించిన విద్య చూపిన దొమ్మరివారికి మనం ఏమిచ్చాం? చిల్లర ఇచ్చాం, వారి పేరును తిట్టుగా చేసుకున్నాం. అదే విద్య ఫ్రాన్సు మీదుగా ఫోనులోకి వచ్చేసరికి మన పిల్లలకు ఆరాధ్యమైంది. ఈ వైపరీత్యంపై వేరొక వ్యాసం వ్రాయవలసి ఉన్నది.

తెలుగు విద్యార్థులకు నేను తరచు చెప్పే కథ ఒకటున్నది. సముద్రతీరాన వానరులందరూ తామింత దూరం దూకగలమంటే తామింత దూరం దూకగలమని చెప్పుకుంటూ ఉండగా హనుమంతుడు ఒక పక్క మౌనంగా కూర్చుంటాడు. తన బలం తనకు తెలియదు. జాంబవంతుడు వచ్చి గుర్తు చేయవలసి వచ్చింది. లంఘనం గొప్పదని అందరూ అంటారు. నాకు ఆ కథలో గొప్పగా తోచేది జాంబవంతుడు ఆ మూలకు నడిచి వెళ్లడం. ఏ సమూహమైనా మూలన కూర్చున్నవాని దగ్గరకు ఎవరు నడిచి వెళతారన్న దానిని బట్టి దాని విలువ తెలుస్తుంది. పార్కులో బెంచీ పక్కన ఉన్న నా దగ్గరకు ఆ యువకుడు నడిచి వచ్చాడు. ఎం.ఏ. తరగతిలో నా దగ్గరకు ఎవరూ రాలేదు.

కమిటీ పెద్దల అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మళ్లీ ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది అన్నది మొదటిది, న్యాయమైనది. దీనికి నా సమాధానం పూర్తిగా తృప్తికరం కాదని నాకే తెలుసు: దెబ్బలు తగులుతాయి. కబడ్డీలోనూ తగులుతాయి, క్రికెట్ బంతి తగిలి మన విద్యార్థి ఒకరి పన్ను ఊడిన తరువాత మనం క్రికెట్ మాన్పించలేదు. గాజు పెంకులు నాటిన రోజున ఈ పిల్లలు గోడను వదలి ఎక్కడికి పోతారన్నది ఆలోచించండి. కళాశాలకు రెండు వీధుల అవతల సగంలో ఆగిపోయిన నాలుగంతస్తుల కట్టడం ఉన్నది. దానికి కాపలా లేదు, మెట్లకు పిట్టగోడ లేదు. ఇప్పటికే ఇద్దరు అక్కడికి పోతున్నారని విన్నాను. అరుగు రెండడుగుల ఎత్తు. ఎంపిక మన చేతుల్లో ఉన్నది.

కాలం వృథా, చదువు పాడవుతుందన్నది రెండవ అభ్యంతరం. దీనికి సమాధానం అవసరమని నేను అనుకోను. బలవంతుడైన విశ్వాసి గురించిన హదీసు మన వ్యాయామ ఉపాధ్యాయుని గది గోడపై అందమైన ఖత్‌లో వ్రాయించి ఉన్నది. దానిని వ్రాయించినది కమిటీ వారే.

బాలికల విషయం సున్నితమైనది. పార్కులో నలుగురైదుగురు బాలికలు ఉన్నారు. ఒకతె తలకు స్కార్ఫు గట్టిగా ముడివేసుకొని నా కంటె చాలా మెత్తగా దిగుతున్నది. మన బాలికల విభాగం నుండి ఇద్దరు విద్యార్థినులు తమకూ అవకాశం కావాలని నన్ను అడిగారు. మహాప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారనీ, మొదటిసారి ఆమె గెలిచారనీ, మరొకసారి ఆయన గెలిచారనీ మనం సీరత్ సభల్లో సంతోషంగా చెప్పుకుంటాం. చెప్పుకొని ఇంటికి వెళ్లి కూతురిని మెట్లు గబగబా దిగవద్దంటాం. వారికి వేరే సమయం, మహిళా అధ్యాపకురాలి పర్యవేక్షణ ఏర్పాటు చేయడం కష్టమేమీ కాదు.

ఇది ఏ పోటీకైనా పనికివస్తుందా, కళాశాలకు కప్పు వస్తుందా అని ఒక పెద్దాయన అడిగారు. 2017లో బ్రిటన్ దీనిని క్రీడగా అధికారికంగా గుర్తించింది. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య దీనిని తన పరిధిలోకి తెచ్చుకొని 2022లో టోక్యోలో ప్రపంచ పోటీలు జరిపింది. కాబట్టి కప్పులు ఉన్నాయనే చెప్పాలి. కాని ఆ సమాఖ్య చేరికను పలు దేశాల సాధకులు గట్టిగా ప్రతిఘటించారు. తమ సమ్మతి లేకుండా తమ విద్యను లాక్కుంటున్నారన్నది వారి ఆరోపణ. పోటీలు జరిగితే కీడని నేను అనను. అయితే కప్పు కోసం మొదలుపెడితే మొదటి వారంలోనే నేర్పరులు నలుగురు మిగిలి, మూలన కూర్చున్నవాడు మూలనే ఉండిపోతాడు. మన క్రికెట్ జట్టులో జరిగినది అదే కదా. ఆరువందల మంది విద్యార్థులలో ఆడేవారు పదిహేను మంది, చప్పట్లు కొట్టేవారు మిగిలినవారు.

విద్యార్థులకు కూడా రెండు మాటలు. మీలో ఎవరికైనా ఈ విద్యపై మనసుంటే, మొదట నేర్చుకొని తరువాత వెళ్దామన్న ఆలోచన మానండి. తెలియని చోటికి మొదటి రోజు వెళ్లినప్పుడు మీ పేరు చెప్పండి, నాకేమీ రాదని చెప్పండి. ఆ మాట వినగానే మంచి సమూహమైతే మిమ్మల్ని కాలిబాట అంచు దగ్గరకు తీసుకువెళుతుంది. చెడ్డదైతే గోడ ఎక్కమంటుంది. రెండవ రకం వద్ద ఒక్క క్షణం కూడా నిలవకండి. ఫోను సంచిలోనే ఉంచండి. మసీదు గోడా, ఖబ్రస్తాన్ గోడా, అన్యుల ఇంటి గోడా మీ సాధనకు కావని వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.

కమిటీ వారికి నా విన్నపం ఇంత మాత్రమే. అరుగును కూల్చవద్దు. దాని రెండు వైపులా ఒక లారీ ఇసుక పోయించండి. వారానికి రెండు రోజులు, అసర్ నమాజు తరువాత మగ్రిబ్ వరకు, వ్యాయామ ఉపాధ్యాయుని సమక్షంలో, తల్లిదండ్రుల అంగీకార పత్రం ఇచ్చిన విద్యార్థులను అక్కడ చేరనివ్వండి. ఛాతీ ఎత్తుకు మించినది ఏదీ ఎక్కరాదన్న నియమం పెట్టండి. మందుల పెట్టెలో దూది నిండుగా ఉండేటట్లు చూసే బాధ్యత నాకు అప్పగించండి. ఒక సంవత్సరం చూసిన తరువాత కూడా తప్పనిపిస్తే గాజు పెంకులు ఎక్కడికీ పోవు.

నా శిష్యుడు ఇప్పుడు ప్రతి ఆదివారం పార్కుకు వెళుతున్నాడు. ఎడమ చేతితో పరీక్ష వ్రాయడం నేర్చుకున్నందువల్ల అతని దస్తూరీ పూర్వం కంటె పాడైందని ఆంగ్ల అధ్యాపకులు ఫిర్యాదు చేస్తున్నారు, అది నిజమే. దిగుడు మాత్రం చప్పుడు లేకుండా ఉంటున్నది. అరుగు కూల్చే పని మే నెల మొదటి వారంలో ఆరంభమవుతుందని విన్నాను. దానికి ముందు ఏదో ఒక ఆదివారం కమిటీ పెద్దలు ఫజర్ నమాజు ముగించుకొని అటు రాగలిగితే సంతోషిస్తాను. కుర్చీలు నేను వేయిస్తాను.